మూసినవాడి గుర్తు

ఏడాదిగా నేల మీదే ఉన్న పడవ కింద తడి కనబడింది.

మేస్త్రి మోకాళ్ల మీద కూర్చుని చూశాడు. అరచేయంత తడి. పడవ అడుగుదూలం చివర ఒక బొట్టు పట్టుకుని ఉంది. అతను చూస్తుండగానే లావై, సాగి, పడింది. దాని చోట ఇంకొకటి మొదలైంది. వాన పడి నెల దాటింది. పడవ మీద పట్టా కప్పి ఉంది, పట్టా అంచులు నేలదాకా లాగి కట్టి ఉన్నాయి. లోపలికి నీళ్లు పోయే దారి ఏదీ లేదు.

యార్డులో పడవలకు రంగు వేసే ఆవిడ వచ్చి వెనక నిలబడింది. అందరూ ఆవిడను రంగులక్క అంటారు. వంగి ఒక బొట్టు వేలిమీద పట్టి నాలుకకు రాసుకుంది. ఉప్పు అంది.

"మొగుడు పోతే పెళ్లాం, పెళ్లాం పోతే మొగుడు మూడు నెలలు ఏడుస్తారు. ఇది ఏడాదిగా ఏడుస్తోంది. నీకంటే నయం మేస్త్రీ."

మేస్త్రి లేచి పట్టా ముడి ఒకటి లాగి చూశాడు. భార్య పోయి రెండేళ్లు. ఆ సంగతి ఎవరు ఎత్తినా అతను జవాబివ్వడు. రంగులక్క డబ్బా పట్టుకుని పక్క పడవ దగ్గరికి పోయింది.

సముద్రం మీద గాలులు పెరిగే నెలల్లో తెరచాప పడవలన్నీ ఒడ్డెక్కుతాయి. అప్పుడే యార్డుకు పని. నలభై పడవలు కర్రల ఊతం మీద వరసగా నిలబడి ఉంటాయి, ఒక్కోదాని మీద ఒక్కో పట్టా. పట్టాల కిందికి గాలి దూరి అవి ఉబ్బుతాయి, మళ్లీ పడిపోతాయి. నలభై మంది ముసుగు తన్ని పడుకుని ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. కొత్తగా పనికి వచ్చినవాళ్లు వాటి మధ్య ఒంటరిగా నడవరు. మేస్త్రి ముప్పై ఏళ్లుగా నడుస్తున్నాడు.

సూపర్వైజరు తొమ్మిదింటికి వచ్చాడు. చేతికి వాచీ లేకపోయినా మణికట్టు చూసుకుంటూ మాట్లాడతాడు గనక అతని పేరు గడియారం. అమ్మగారు పడవ బాగుచేయించమన్నారని చెప్పాడు. అమ్మగారంటే ఈ పడవ యజమాని భార్య. యజమాని లేడు. ఏడాది కిందట ఇదే పడవలో చుక్కాని దగ్గర కూర్చుని ఉండగా తెరచాప స్తంభం విరిగి అతని మీద పడింది. స్తంభాన్ని నిలబెట్టే ఇనుప తీగలు పడవ పక్కలకు బిగించిన ఇనుప పట్టీలకు కడతారు. ఎడమ పట్టీ చెక్కలోంచి ఊడి వచ్చింది. స్తంభం పడడానికి అది చాలింది.

పని చెప్పడం అయ్యాక గడియారం కాసేపు మణికట్టు చూసుకున్నాడు. తర్వాత, మేస్త్రి బావమరిది భార్య నిన్న తన దగ్గరికి వచ్చిందన్నాడు. ఆమె అడిగింది ఒక్కటే. పట్టీ వెనకాల, పడవ లోపలి వైపు బిగించిన తలుపుచెక్క తీసినప్పుడు, పట్టీ బోల్టులు పట్టుకునే లోపలి దుంగ ఎలా ఉందో ఎవరైనా సరిగ్గా చూడాలి. అది కుళ్లి ఉంటే తన భర్తను మళ్లీ పనిలోకి రానివ్వాలి. గట్టిగా ఉంటే ఇక ఈ గుమ్మం తొక్కదు.

బావమరిది తీగల మనిషి. ఈ యార్డులో స్తంభాలు ఎక్కించి తీగలు బిగించే పని అప్పట్లో అతనిదే. విచారణ రోజున మేస్త్రి ఒకే మాట చెప్పాడు, తీగలు ఎక్కువ బిగించాడని. బావమరిది ఇంకో మాట చెప్పాడు. లోపలి దుంగ తడి అని, ఆ తడి మీదే మూసేసింది మా బావేనని. ఆ దుంగ మార్చిన నెలలో మేస్త్రి భార్య పోయింది. నెలంతా అతనికి సెలవు. తోడబుట్టిన అక్క చావును అడ్డం పెట్టుకుని తప్పు తన మీదికి తోశాడని మేస్త్రి ఆ రోజే బావమరిదిని మనసులోంచి కోసేశాడు. ఆ తర్వాత ఏ యార్డూ బావమరిది చేతికి తాడు ఇవ్వలేదు. ఇప్పుడు అతను దుకాణాల షట్టర్లకు గ్రీజు పెడుతున్నాడు.

"నేనే తీస్తాను. అమ్మగారిని కూచోబెట్టి తీస్తాను" అన్నాడు మేస్త్రి.

"కోపం మీద తియ్యకు."

"కోపం దేనికి? చెక్కే చెబుతుంది."

మేస్త్రి పట్టా ముడులు విప్పడం మొదలుపెట్టాడు.

పట్టా తీశాక నిచ్చెన వేసి లోపలికి దిగాడు. పడవ లోపలి గది మనిషి నడుం వంచి నిలబడేంత ఎత్తు. రెండు పక్కలా పడుకునే బల్లలు, బల్లల కింద అరలు. మూసిన గాలికి బూజు వాసన రావాలి. రాలేదు. అప్పుడే చెక్క కోసినట్టు పొట్టు వాసన వచ్చింది. మేస్త్రి మెట్టు మీదే ఆగిపోయాడు. తర్వాత, ముక్కు మనిషిని మోసం చేస్తుందనుకుని దిగాడు.

ఎడమ బల్ల పక్కన, నేల మీద, ఎండిపోయిన లప్పం ఒలికి ఉంది. అందులో అడుగు పడింది. చెప్పుల్లేని కాలు. మడమ, బొటనవేలు, మిగిలిన వేళ్లు, ఒక్క గీతైనా చెదరకుండా గట్టిపడి ఉంది. యార్డులో ఎవరూ వట్టికాళ్లతో తిరగరు. నేలంతా మేకులు, ఇనుప రజను. వట్టికాళ్లతో పనిచేసేవాడు పిచ్చివాడన్నా అయి ఉండాలి, దొంగన్నా అయి ఉండాలి.

అరలో ఒక గీకుడు కత్తి ఉంది. పిడికి గుడ్డపీలిక చుట్టి ఉంది. ఆ చుట్టు అతనిదే. పోయిందనుకున్న కత్తి. దాని పక్కన, మడిచి, గుడ్డలో చుట్టి, కళ్లద్దాలు ఉన్నాయి.

మేస్త్రి అవి పెట్టుకుని చూశాడు. చేతి గీతలు స్పష్టంగా కనబడ్డాయి. భార్య ఆస్పత్రిలో ఉన్నప్పుడు పోయిన కళ్లద్దాలవి. ఆ రోజు అతను వార్డు ఆయాను పట్టుకుని నలుగురి ముందూ దొంగ అన్నాడు. ఆమె సంచి బోర్లించి చూపించింది. చూపించినా నమ్మలేదు. తర్వాత ఆమె పనిలో కనబడలేదు.

మేస్త్రి వాటిని జేబులో పెట్టుకున్నాడు. బావమరిది దొంగిలించి ఇక్కడ దాచాడని తేల్చుకున్నాడు. గీకుడు కత్తి కూడా వాడే. వట్టికాళ్లూ వాడివే. కుక్కతోక వంకర అనుకున్నాడు. ఆ ఆలోచన వచ్చాక ప్రాణం కాస్త కుదుటపడింది.

మర్నాడు పొద్దున అతను చెక్క కోసం కలప డిపోకు పోయాడు. పాత టేకు దుంగ ఒకటి ఎంచి, గోటితో గీకి, చెవి దగ్గర పెట్టి కొట్టి చూసి, తోపుడు బండి మీద వేయించుకుని మధ్యాహ్నానికి తిరిగి వచ్చాడు. రంగులక్క అతన్ని చూసి బ్రష్షు దించింది.

లోపల పని చేస్తున్నావనుకున్నానంది. పొద్దుటి నుంచి సుత్తి చప్పుడు వినబడుతోందట.

"ఎవరిదో అయి ఉంటుంది."

"ముప్పై ఏళ్లుగా నీ పక్కనే రంగేస్తున్నాను. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. నీ దెబ్బ నాకు తెలీదా?"

పడవ నీడలో, బోర్లించిన డ్రమ్ము మీద అమ్మగారు కూర్చుని ఉన్నారు. ఎప్పుడు వచ్చారో. వయసు యాభై దాటదు. ఒళ్లో చేతులు, చేతుల్లో ఏమీ లేదు. తనూ విన్నానని ఆమె చెప్పారు. అందుకే పైకి పిలవలేదన్నారు. పని పాడు చేయడం దేనికని.

మేస్త్రి నిచ్చెన ఎక్కి లోపల చూశాడు. ఎవరూ లేరు. బయట ఎడమ పట్టీ సగం ఊడి ఒక్క బోల్టు మీద వేలాడుతోంది. గాలికి అది కొట్టుకుని ఉంటుంది. ఒక తాడుముక్క తీసుకుని, కదలకుండా కట్టేశాడు. దిగి ఆ సంగతి ఇద్దరికీ చెప్పాడు. అమ్మగారు తల ఊపారు. రంగులక్క నవ్వింది, కానీ ఆ సాయంత్రం తన డబ్బాలు ఆ పడవ దగ్గర పెట్టలేదు.

నాలుగింటికి గాలి పూర్తిగా పడిపోయింది. పట్టాలన్నీ కిందికి వేలాడిపోయాయి. మేస్త్రి నేల మీద కూర్చుని టేకు దుంగను చిత్రిక పడుతున్నాడు. పొట్టు చుట్టలు చుట్టలుగా మోకాళ్ల చుట్టూ పడుతోంది. అప్పుడు తల మీద, పడవ లోపల, సుత్తి పడింది. రెండు మెల్లగా. ఒకటి గట్టిగా.

అతను చిత్రిక ఆపాడు. అమ్మగారి ముఖం చూడకుండా మళ్లీ పట్టాడు. ఇంకోసారి వినబడకుండా గట్టిగా పట్టాడు.

మూడో రోజు అందరికంటే ముందే వచ్చాడు. మంచు పడి నిచ్చెన మెట్లు తడిగా ఉన్నాయి. అమ్మగారి ముందు తీస్తానన్న మాట గుర్తుంది. కానీ రాత్రి పడుకున్నప్పుడు ఒకటి తట్టింది. ముందు తనొక్కడే చూసుకుంటే మంచిది. ఎందుకు మంచిదో తనను తాను అడగలేదు.

ఎడమ బల్ల పరుపు తీసి, గోడకు బిగించిన తలుపుచెక్క ముందు కూర్చున్నాడు. కళ్లద్దాలు పెట్టుకున్నాడు. ఏడు స్క్రూలు. ఏడింటి తలల మీది గాడులూ నిలువుగా, ఒకే వరసలో ఉన్నాయి.

స్క్రూ బిగిస్తే గాడి ఎటు ఆగితే అటు వదిలేస్తారు అందరూ. మేస్త్రి ఒక్కడే చివరి పావు చుట్టు చూసుకుని గాడి నిలువుగా ఆపుతాడు. నీళ్లు నిలవవని మొదలుపెట్టాడు, తర్వాత చేతికి అదే అలవాటైంది. కుర్రాళ్లు ఎగతాళి చేసేవారు, మేస్త్రి స్క్రూలు బడిపిల్లల్లా లైనులో నిలబడతాయని. తను సెలవులో ఉన్నప్పుడు ఈ తలుపు మూసింది నెల్లాళ్లకు వచ్చిపోయిన బదిలీ వడ్రంగి అని రెండేళ్లుగా అతను అనుకుంటున్నాడు. బదిలీ వడ్రంగులు గాడులు చూసుకోరు.

మొదటి స్క్రూ తిప్పాడు. ఎంత బిగువు ఉండాలో అంతే ఉంది. రెండోది. మూడోది. మణికట్టుకు అవి తెలుసు. ఏడోది తీయగానే చెక్క దానంతట అదే ముందుకు వాలింది. వెనకాల నుంచి నీళ్లు వచ్చి మోకాళ్లు తడిపాయి. నల్లటి నీళ్లు, చల్లగా. గోడ కట్టి దాచినట్టు రెండేళ్లుగా అక్కడే ఉన్నాయి. చుక్కచుక్కగా అడుగుదూలం వెంట దిగిపోతున్నవి ఇవే. వెనకాల దుంగ నల్లబడింది. వేలు పెడితే రెండు కణుపులు దిగింది. బోల్టులు పట్టుకుని ఉండాల్సిన చోట పట్టుకునేందుకు ఏమీ మిగల్లేదు.

ఎంత బిగించినా, ఎంత వదులు చేసినా ఆ పట్టీ ఊడేదే.

యార్డులో ఒక పద్ధతి ఉంది. మళ్లీ కంటికి కనబడని చోటు ఏది మూసినా, మూసినవాడు మూతకు లోపలి వైపు పెన్సిల్‌తో తేదీ వేసి తన గుర్తు పెట్టాలి. పేర్లు రాయరు. ఒక్కొక్కరికి ఒక్కో గుర్తు. విచారణకు వచ్చినవాళ్లు ఊడిన పట్టీని బయట నుంచి చూశారు, తలుపు తీయించలేదు. మేస్త్రి మాటే చాలింది.

అతను చెక్క తిప్పాడు. మూడు నిలువు గీతలు. మూడోది కొంచెం పొడుగు. ముప్పై ఏళ్లుగా అతను పెడుతున్న గుర్తు. పక్కన తేదీ. భార్య పోయిన నాలుగో రోజు.

భార్య పోయాక, కర్మ అయ్యేదాకా పదకొండు రోజులు అతను ఇంట్లో గోడ వైపు తిరిగి పడుకున్నాడు. అది అతనికి తెలుసు. ఎలా తెలుసు అని ఇప్పుడు మొదటిసారి వెతికాడు. గోడ గుర్తు రాలేదు. మంచం గుర్తు రాలేదు. అలా పడుకున్నాడని ఎవరైనా చెప్పారేమో, తనే అందరికీ చెప్పి చెప్పి నమ్మాడేమో. వెతికిన ప్రతి రోజు దగ్గరా ఖాళీ ఉంది, మూత బిగించి.

చిత్రిక చేతికి అందేంత దూరంలోనే ఉంది. పెన్సిల్ గీత ఎంత లోతు ఉంటుంది. ఒక్క తోపు. మేస్త్రి చిత్రిక తీసుకుని చెక్క అంచున ఆనించాడు.

"తీశారా?" అని కింద నుంచి అమ్మగారి గొంతు వినబడింది.

"ఇంకా లేదండీ."

చిత్రిక కదల్లేదు. అతను కుడికాలి చెప్పు విడిచాడు. తనకేమీ పని లేనట్టు, ఎవరో చెప్పినట్టు, ఆ కాలు ఎండిన లప్పంలోని అడుగులో పెట్టాడు. మడమ సరిపోయింది. వేళ్లు ఒక్కొక్కటే వెళ్లి వాటి గుంటల్లో కూర్చున్నాయి.

చెక్కను గోనెసంచిలో చుట్టి, వెనకవైపు గేటులోంచి బయటికి నడిచాడు.

బావమరిది బట్టల దుకాణం ముందు నిచ్చెన మీద ఉన్నాడు. షట్టరు చుట్టలోకి చేయి దూర్చి గ్రీజు రాస్తున్నాడు. నలభై ఏళ్లకే జుట్టు సగం నెరిసింది. బావను చూశాడు. దిగలేదు.

మేస్త్రి దుకాణం మెట్ల దగ్గరికి వచ్చాడు. మెట్టు మీద సంచి విప్పి చెక్క వెల్లకిలా పెట్టాడు. బావమరిది పైనుంచే చూశాడు. జేబులోంచి గుడ్డ తీసి ఒక్కో వేలు తుడుచుకున్నాడు.

"కళ్లద్దాలు దొరికాయన్నమాట."

"నువ్వే కదా పెట్టింది అక్కడ."

"నువ్వే పెట్టావు బావా. తుడిచి, మడిచి, గుడ్డలో చుట్టి పెట్టావు. నేను చూస్తూనే ఉన్నాను."

తర్వాత మిగిలింది చెప్పాడు. అరవలేదు. నిచ్చెన మీద నిలబడే, ఎవరో మూడో మనిషి సంగతి చెబుతున్నట్టు చెప్పాడు. నాలుగో రోజు వాన. యార్డు మూసేశారు. అక్క లేని ఇంట్లో కూర్చోలేక తను యార్డుకు పోయాడు. పదింటికి బావ వచ్చాడు, వట్టికాళ్లతో, తడిసిన తలతో. పిలిస్తే పలకలేదు. నిచ్చెన ఎక్కి లోపలికి దిగి పని మొదలుపెట్టాడు. దుంగ వెనకాల నీళ్లు మెరుస్తున్నాయి. తడి ఆరనివ్వమని తను మూడుసార్లు చెప్పాడు. చేయి కూడా పట్టుకున్నాడు. దారికి అడ్డంగా పడి ఉన్న పనిముట్టును తీసి పక్కన పెట్టినట్టు బావ ఆ చేయి తీసి పక్కన పెట్టాడు. తన ఒంట్లో భయం పుట్టింది దానికి కాదట. బావ పని అంత చక్కగా చేయడానికట. ఒక్క స్క్రూ జారలేదు. ఒక్క దెబ్బ తప్పలేదు.

"ఆ రోజంతా నువ్వు నాతో అన్నది ఒక్క మాట. 'మీ అక్క తిందా' అని అడిగావు."

మేస్త్రి దుకాణం గోడ పట్టుకున్నాడు.

"నువ్వేమన్నావు?"

"తింది అన్నాను."

రోడ్డు మీద సైకిలు ఒకటి పోయింది. దుకాణం యజమాని బయటికి వచ్చి చూసి లోపలికి పోయాడు. విచారణలో ఇదంతా ఎందుకు చెప్పలేదని మేస్త్రి అడిగాడు. అడుగుతుండగానే, చెప్పాడని గుర్తొచ్చింది.

"చెప్పాను. నీ ఎదురుగానే చెప్పాను. నువ్వు నవ్వావు. హాజరు పుస్తకంలో నీకు నెలంతా సెలవు రాసి ఉంది. పెళ్లాం పోయినవాడు అబద్ధమాడతాడా అన్నారు."

"అది అబద్ధమని నాకు తెలీదు."

"తెలీదని నాకు తెలుసు. అదే నా ఖర్మ. తెలిసి ఆడి ఉంటే చొక్కా పట్టుకుని ఉండేవాణ్ణి." నిచ్చెన ఒక మెట్టు దిగాడు, అక్కడే ఆగాడు. "ఇప్పుడు దేనికొచ్చావు? నాకు చూపించడానికా, దాచమని అడగడానికా?"

ఆ సంగతి మేస్త్రికీ తెలియదు.

"చూపించేవాడు సంచిలో చుట్టి తేడు బావా" అని బావమరిది మళ్లీ షట్టరు వైపు తిరిగాడు.

మేస్త్రి కాసేపు అతని మడమలు చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చెక్కను చంకలో పెట్టుకున్నాడు, రాత బయటికి కనబడేట్టు. సంచి అక్కడే వదిలేసి నడిచాడు.

యార్డులో మధ్యాహ్నం టీ తాగుతున్నారు. అమ్మగారు డ్రమ్ము మీదే ఉన్నారు. మేస్త్రి చెక్క తెచ్చి ఆమె పాదాల దగ్గర నేల మీద పెట్టాడు. గడియారాన్ని పిలిచాడు. రంగులక్క పిలవకుండానే వచ్చింది. అతను నాలుగు మాటల్లో చెప్పాడు. దుంగ కుళ్లింది. తడి మీద మూశారు. మూసింది నేను. తీగల్లో తప్పు లేదు.

గడియారం మణికట్టు చూసుకోలేదు. ఆ నెల మొత్తం సెలవు ముందే రాసేసింది తనేనని, జాలిపడి రాశానని, గొణిగినట్టు అన్నాడు. రంగులక్క ఏదైనా అంటుందని మేస్త్రి ఎదురు చూశాడు. ఏదైనా అంటే బాగుండును అనిపించింది. ఆవిడ టీ గ్లాసు కడగడానికి పోయింది.

అమ్మగారు తేదీ వైపు చాలాసేపు చూశారు.

"మీకు గుర్తే లేదా?"

"లేదండీ."

"మరుపు వచ్చింది మీకు. అదృష్టవంతులు."

ఆ మాటలో వెటకారం ఉందా అని మేస్త్రి ఆమె ముఖం చూశాడు. లేదు. అదే అతనికి తట్టుకోవడం కష్టమైంది. కొత్త దుంగ ఎవరిచేత వేయించమంటారని గడియారం అడిగాడు. ఆమె మేస్త్రినే వేయమన్నారు. తలుపు మాత్రం ఇక బిగించవద్దన్నారు. ఈ పడవ ఉన్నంతకాలం ఆ చోటు తెరిచే ఉండాలి. పని జరుగుతున్నంతసేపు తను లోపలే కూర్చుంటానని కూడా చెప్పారు.

కూర్చున్నారు. అయిదు రోజులు, ఎదుటి బల్ల మీద, చేతులు ఒళ్లో పెట్టుకుని. మేస్త్రి కుళ్లిన దుంగను ఉలితో చెంచాలు చెంచాలుగా తోడి బకెట్లో వేశాడు. గట్టి చెక్క తగిలేదాకా తోడాడు. ఆ గూటిని రెండు రోజులు ఫ్యాను పెట్టి ఆరబెట్టాడు. కొత్త టేకు దుంగను ఎనిమిదిసార్లు పెట్టి, తీసి, సుద్ద అంటిన చోటల్లా గీకి, తొమ్మిదోసారి కూర్చోబెట్టాడు. సుత్తి ఎత్తినప్పుడల్లా తన దెబ్బ తనకే వినబడింది. రెండు మెల్లగా, ఒకటి గట్టిగా. మార్చి కొట్టాలని చూశాడు. చేయి మారలేదు. పని తప్ప ఆమె ఏమీ మాట్లాడలేదు, అతను ఏమీ అడగలేదు. ఒక్కసారి మాత్రం, దుంగకు నూనె రాస్తుండగా, ఆయన చేయి కూడా ఇలాగే ఉండేది అన్నారు. ఎలాగో చెప్పలేదు.

ఆ మధ్యలో గడియారం స్వయంగా బావమరిది ఇంటికి వెళ్లి వచ్చాడు. వస్తానన్నాడట. ఇంకేమీ అనలేదట.

తొమ్మిదో రోజు పొద్దున బావమరిది తన పాత పనిముట్ల సంచితో గేటులోంచి లోపలికి వచ్చాడు. రంగులక్క ఎదురెళ్లి, చేతులకు గ్రీజు కంపు పోలేదేమిటని అడిగింది. అతను నవ్వాడు. గడియారం అతని భుజం తట్టాడు. అమ్మగారు లేచి నిలబడ్డారు. అతను ఆమెకు దణ్ణం పెట్టాడు. మేస్త్రి పడవ లోపల ఉన్నాడు. ఇవన్నీ చెక్క అవతల నుంచి విన్నాడు.

ఇనుప పట్టీ బిగించడానికి ఇద్దరు కావాలి. ఒకడు బయట నిచ్చెన మీద నిలబడి బోల్టు తిప్పుతాడు. ఒకడు లోపల మోకాళ్ల మీద కూర్చుని నట్టు తిరిగిపోకుండా పానాతో పట్టుకుంటాడు. ఒకరికొకరు కనబడరు. మధ్యలో పడవ గోడ ఉంటుంది. బిగువు ఎంతో బయటివాడికే తెలుస్తుంది. సరిపోగానే అతను చాలు అంటాడు. ఆ మాట వచ్చేదాకా లోపలివాడు పట్టు వదలకూడదు. ముందే వదిలితే నట్టు తిరిగి, కొత్త చెక్క నలుగుతుంది.

ఆరు బోల్టులు. ముందు బావమరిది బయట నుంచి దుంగను పానా మొనతో నాలుగుచోట్ల కొట్టి విన్నాడు. చాలాసేపు విన్నాడు. లోపల మేస్త్రి ఊపిరి ఆపుకుని అతను వింటున్నదే వింటున్నాడు. మొదటి బోల్టు దుంగలోంచి తన ముఖం ముందుకు పొడుచుకుని వచ్చింది. నట్టు ఎక్కించి, పానా వేశాడు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

గొంతు చెక్కలోంచి రావడంతో ఎవరిదో అన్నట్టు ఉంది. ఎక్కడో పాతిపెట్టిన చోటు నుంచి వచ్చినట్టు. బోల్టు తిరిగింది, చెక్క కిర్రుమంది, తిరగడం ఆగింది. చాలు అని వినబడింది. రెండోది. చాలు. మూడు, నాలుగు. అమ్మగారు ఎదుటి బల్ల మీద లేరు. ఈ రోజు ఆమె బయట, నిచ్చెన దగ్గర ఉన్నారు. పడవలో మేస్త్రి ఒక్కడే. అయిదోది. చాలు.

ఆరోది అన్నిటికంటే కింద ఉంది. మేస్త్రి బోర్లా పడుకుని, చేయి గూట్లోకి చాపి పట్టుకోవాల్సి వచ్చింది. చెంప నేలకు ఆనింది. బోల్టు తిరిగింది. మెల్లగా తిరిగింది. కిర్రుమంది. ఆగింది.

మేస్త్రి ఎదురు చూశాడు.

బయట పానా బోల్టు మీద నుంచి తీసిన చప్పుడైంది. నిచ్చెన మెట్లు ఒక్కొక్కటే మోగాయి. ఎనిమిది మెట్లు. కంకర మీద అడుగులు. పనిముట్లు సంచిలో పడ్డాయి. రంగులక్క ఏదో అడిగింది, బావమరిది ఏదో జవాబు చెప్పాడు, అమ్మగారి గొంతు కూడా వినబడింది. ముగ్గురూ దూరంగా నడిచారు. పంపు కింద ఎవరో చేతులు కడుక్కున్నారు. పంపు ఆగింది.

మేస్త్రి మోచేయి వణకడం మొదలుపెట్టింది. రెండో చేయి కూడా చాపి, రెండు చేతులతో పానా పట్టుకున్నాడు.